ఎంత పోయింది సార్?

సైకిల్ కొన్న మూడో రోజు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై ఫ్లోర్ ఆయన నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత పోయింది సార్?"

జేబు తడుముకున్నాను. పర్సు ఉంది. ఫోనూ ఉంది.

"చెప్పడం ఇష్టం లేకపోతే వదిలెయ్యండి. మా బావమరిదిదీ ఇదే కథ. ఓటీటీ వాళ్లు కొంటారన్నారు, కొనలేదు. ముందు కారు పోయింది, తర్వాత ప్లాటు పోయింది. ధైర్యంగా ఉండండి."

అప్పటికి వెలిగింది. యూసుఫ్‌గూడలో ఒక మనిషి కారు దిగి సైకిల్ ఎక్కాడంటే జనానికి తెలిసిన కారణం ఒక్కటే: సినిమా తీశాడు. షుగరు, పెట్రోలు రేటు, పర్యావరణం లాంటివి చెబితే పాపం, పరువు కాపాడుకోవడానికి ఏవో చెబుతున్నాడనుకుంటారు.

నిజానికి నా ఆశ చాలా చిన్నది. జీవితాన్ని కాస్త తేలిక చేసుకుందామనుకున్నాను. ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్లో ఆఫీసు నాలుగైదు కిలోమీటర్లు. ఆ ముక్కకోసం ఇంట్లో ఒక ఏనుగును కట్టేసి మేపుతున్నాను. దానికి ఈఎంఐ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీసింగు, ఆఫీసు దగ్గర నిలబెట్టడానికి జాగా. సాయంత్రం ఆరింటికి చెక్‌పోస్టు దగ్గర ఆ ఏనుగు మీద కూర్చుని ముందున్న ఏనుగు తోక చూస్తూ గడిపిన గంటలన్నీ కలిపితే ఈపాటికి సంస్కృతం వచ్చేసేది.

సైకిల్‌కైతే గాలి చాలు. తొక్కేవాడికీ గాలి కావాలని ఎక్కడం మొదలెట్టాకే తెలిసింది. యూసుఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకి మెట్రోలో రెండు స్టాపులు. సైకిల్ మీద రెండు జన్మలు. కారులో పోయినన్నాళ్లూ అది ఎత్తని నాకెవరూ చెప్పలేదు. ఆ చివర హిల్స్ అని పేరు పెట్టి హెచ్చరించారు కదా అంటే, ఏళ్ల తరబడి ఆ మాటను రియల్ ఎస్టేట్ అర్థంలోనే చదువుకున్నాను. సగం దారిలో సీటు మీంచి లేచి, చిన్నప్పుడు అద్దె సైకిల్‌కి కైంచీ తొక్కినట్టు మొత్తం ఒంటితో తొక్కాను. తర్వాత దిగి నడిపించాను. నాతో పాటు ఒక ముసలాయన అరటిపళ్ల బండి తోసుకుంటూ ఎక్కుతున్నాడు. ఆయనే ముందు చేరాడు.

ఆఫీసున్న కాంప్లెక్స్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. కార్ల కింద పెట్టి చూసే అద్దం ఉంటుంది చూడండి, కర్రకు బిగించింది, దాన్ని తెచ్చి నా సైకిల్ కింద పెట్టాడు. ఇద్దరం కలిసి అందులోకి చూశాం. ఆకాశం కనిపించింది. నా చెప్పు కూడా. అతను సంతృప్తి పడి, "డెలివరీయా? వెనక లిఫ్టు" అన్నాడు. అదే గేటులో కారుంటే నాకు రోజూ సెల్యూట్ కొట్టేవాడు. పదేళ్లుగా ఆ సెల్యూట్ నాకే అనుకున్నాను.

ఒక మిత్రుడు లోపం పట్టేశాడు. "నువ్వు మామూలు బట్టల్లో తొక్కుతున్నావు. మామూలు బట్టల్లో సైకిల్ అంటే పేదరికం. ఒంటికి అతుక్కునే బట్టల్లో అయితే ఫిట్‌నెస్." నిజమే. పుచ్చకాయ ముక్కలాంటి హెల్మెట్, నల్లద్దాలు, ఇంట్లోవాళ్లు తలుపేసుకునేంత బిగుతైన నిక్కరు కొన్నాను. మర్నాడు అదే సెక్యూరిటీ గేటు బార్లా తీసి, "గుడ్‌మార్నింగ్ సార్, రేసుకా?" అన్నాడు.

ఆదివారం ఆ మిత్రుడే ఔటర్ రింగురోడ్డు సైకిల్ ట్రాక్‌కి తీసుకెళ్లాడు. 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. 16 మెగావాట్ల కరెంటు పుట్టే నీడలో తొక్కుకోవచ్చు. బాగుంది, కాదనను. కానీ అది నానక్‌రామ్‌గూడ అవతల. అక్కడికి సైకిల్ మీద క్షేమంగా చేరగలిగినవాడికి ఇక ట్రాక్ అవసరమే లేదు. అందుకని అందరూ సైకిళ్లను కార్ల నెత్తిన కట్టి తెస్తారు. మేమూ అంతే. కారు అమ్మేద్దామనుకున్నవాణ్ని, సైకిల్ తొక్కడానికి కారు ఉండాల్సిందేనని తెలిసి ఇన్సూరెన్స్ రెన్యూ చేశాను.

మా ప్రాంతానికి సైకిల్ కొత్తేం కాదు. 2014లో జూబ్లీహిల్స్ నియోజకవర్గం గెలిపించింది సైకిల్ గుర్తునే. రెండేళ్లకు ఎమ్మెల్యే గారు దిగి కారెక్కేశారు. 2018లోనూ, 2023లోనూ కారే. 2025 నవంబరు ఉప ఎన్నికలో కారూ పోయి చెయ్యి వచ్చింది. మెయిన్‌రోడ్డు మీద చెయ్యెత్తి లిఫ్టు అడిగే దశ అన్నమాట. అసలు ఆ సైకిల్ పార్టీని పెట్టిన మహానటుడు కూడా జనంలోకి వచ్చింది పాత షెవర్లే వ్యాన్ మీద. దాన్నే చైతన్యరథం చేసుకున్నారు. లుధియానాలో హీరో అంటే సైకిల్. ఇక్కడ హీరో అంటే వెనక పది కార్లు.

గత్యంతరం లేక సైకిల్ తొక్కేవాళ్లు మా దగ్గర ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకు ఏ ట్రాకూ వెయ్యలేదు. కృష్ణానగర్లో తెల్లారి అయిదింటికి, సినిమా యూనిట్ బస్సుల కోసం కుర్రాళ్లు రోడ్డు పక్కన నిలబడే వేళకు, ఒకాయన క్యారియర్ మీద స్టీలు డబ్బా, హ్యాండిల్‌కు పేపర్ కప్పుల సంచీ తగిలించుకుని వస్తాడు. స్టాండు వెయ్యడు. సీటును తుంటికి ఆనించుకునే చాయ్ పోస్తాడు. డబ్బా కుళాయి దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది, కారకుండా. ఆయన జీవితాన్ని సింపుల్ చేసుకోమని ఎవరూ సలహా ఇవ్వరు. ఇప్పటికే చాలా సింపుల్‌గా ఉంది.

ఆయనకూ ఒక రోజు వస్తుంది. యూసుఫ్‌గూడ పోలీసు బెటాలియన్ గ్రౌండ్స్‌లో ప్రీ రిలీజ్ ఫంక్షన్ పెట్టిన రోజు. 2024 డిసెంబరు 2న 'పుష్ప 2' ఫంక్షన్ ఇక్కడే. అలాంటి సాయంత్రాల్లో కార్లు ఎక్కడివక్కడ పాతుకుపోతాయి. ఈమధ్య అలాంటి జాములోనే కార్ల సందుల్లోంచి నేను, నా ముందు చాయ్ ఆయన. ఒక పెద్ద కారు అద్దం దిగింది. ఉంగరాల చెయ్యి ఒకటి బయటికి వచ్చి, "ఒకటి, షుగర్ తక్కువ" అంది. ఆయన పోసిచ్చి, నా బిగుతు నిక్కరు కేసి కిందికీ పైకీ చూసి, "సర్కస్ ఎక్కడ సార్?" అన్నాడు. అంత సూటిగా నన్నెవరూ అడగలేదు.

ఈలోగా నేను సినిమా తీసి మునిగానన్న వార్త కాలనీ అంతా పాకింది. పోయినవారం గడ్డం కుర్రాడొకడు సంచీ తగిలించుకుని వచ్చాడు. "సార్, ఒకసారి పోయిందని ఆగకండి. నా దగ్గర కథుంది."

కాదని చెప్పినా వినలేదు. కూర్చుని మొదలెట్టాడు. "ఓపెనింగే సార్, ఇరవై స్కార్పియోలు. దుమ్ము. డోర్ తెరుచుకుంటుంది. ముందు షూ..."

"హీరో సైకిల్ మీద వస్తే ఎలా ఉంటుందయ్యా?" అన్నాను.

కుర్రాడు కళ్లు మూసుకుని సీరియస్‌గానే ఆలోచించాడు.

"పెట్టుకోవచ్చు సార్. ఫ్లాష్‌బ్యాక్‌లో. తొక్కేది నాన్న పాత్ర. లారీ గుద్దాక చక్రం ఒక్కటే తిరుగుతూ ఉంటుంది, స్లో మోషన్‌లో." కళ్లు తెరిచి నన్ను పరీక్షగా చూశాడు. "ఆ వేషం మీరే వేసెయ్యొచ్చు సార్. సైకిల్ కూడా మీదే కాబట్టి ప్రొడక్షన్‌కి కలిసొస్తుంది."