మీటరు డబ్బాకో మూత

పటాన్‌చెరులో రేకుల పని చేసేవాడికి పనికి కొదవ లేదు. మిషన్లకు గార్డులు, ప్యానల్ బోర్డులకు డబ్బాలు, షెడ్లకు డక్టులు. డ్రాయింగు వస్తుంది, కొలతలుంటాయి, ఆలస్యంగానైనా పైసలు వస్తాయి. నా ప్రాణం తీసేవి ఈ పనులు కావు. షట్టరు సగం దించాక ఎవరో ఒకరు రెండు చేతులూ అడుగున్నర ఎడంగా పట్టుకుని, ఆ ఎడం చెదరకుండా రోడ్డు దాటి వస్తారు.

“అన్నా, గింత మూత గావాలె. మీటరు డబ్బకు.”

రామచంద్రాపురంలో టర్బైన్లు చేస్తారు. ఎద్దుమైలారంలో సైన్యానికి కవచ వాహనాలు చేస్తారు. కందిలో ఐఐటీయే ఉంది. ఇంత ఇంజనీరింగు చుట్టూ పెట్టుకుని, అడుగున్నర మూత మాత్రం మా బెల్టులో ఎవరికీ సరిగ్గా కుదరలేదు. కుదరదు కూడా. ఎందుకంటే అది లోకానికంతా మూసి ఉండాలి, ఒక్క మనిషికి తెరుచుకోవాలి. ఆ మనిషి నెలకోసారి వస్తాడు. ఏ రోజో చెప్పడు. వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ఉండరు.

పోనీ తాళం వేసుకుందామా అంటే, మీటరు మన గోడ మీద ఉన్నంత మాత్రాన మనది కాదు. 2003 విద్యుత్ చట్టంలో 163వ సెక్షను ఉంది. కరెంటు సంస్థ మనిషి తగిన వేళలో, ఇంట్లోవాళ్ళకు చెప్పి, లోపలికొచ్చి మీటరు చూసుకోవచ్చు. రానివ్వకపోతే రాతపూర్వకంగా నోటీసిచ్చి, 24 గంటలు చూసి, కరెంటు కట్ చేయొచ్చు. చుట్టం ఇంటికొస్తే తలుపు తీయకపోయినా చెల్లుతుంది, ఇతనికి తీయకపోతే ఫ్యాను తిరగదు.

అందుకే కొలతల కంటే ముందు నేనొక ప్రశ్న వేస్తాను: “ఎవరికి భయపడి ఈ మూత?” జవాబును బట్టి డిజైను మారిపోతుంది. ఇస్నాపూర్‌లో లైన్ రూములు కిరాయికిచ్చిన ఒకాయనకు దొంగల భయం లేదు. మూడో రూమువాడికి కోపమొస్తే వచ్చి నాలుగో రూమువాడి ఫ్యూజు పీకుతాడు. నాలుగోవాడు నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు ఫ్యాను కింద పడుకునేవాడు. ముత్తంగి నుంచి వచ్చిన ఒకామెను ఇదే ప్రశ్న అడిగితే, “మా ఆయన నుంచి” అంది. కరెంటు పోయిందంటే చాలు, స్నానం మధ్యలోనైనా తడి చేతులతో వచ్చి డబ్బా తెరుస్తాడట. ఆమెకు చేసిచ్చిన మూతే నేను చేసినవాటన్నిట్లో గట్టిది.

పాశమైలారంలో ఒక షెడ్డు ఓనరుది వేరే బాధ. ఆయన డబ్బా పైభాగం చదునుగా ఉండేది. చదునుగా ఉన్నది ఏదైనా మనవాళ్ళకు బల్లే. టిఫిన్ డబ్బాలు, చార్జింగుకు పెట్టిన సెల్‌ఫోన్లు, సగం తాగిన చాయ్ గ్లాసులు అన్నీ దాని మీదే. చాయ్ ఒలికితే దిగేది లోపలికే. పైరేకును చూరులా వాలుగా చేసిచ్చాను. అప్పుడు పిడికి హెల్మెట్లు తగిలించారు. పిడి తీసేశాను. ఇప్పుడెట్లా తెరవాలని ఓనరే ఫోను చేశాడు.

ఇక రామచంద్రాపురంలో స్థిరపడ్డ ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు. ఆయన చేతులు చాపి చూపించలేదు, చుట్టిన డ్రాయింగులతో వచ్చారు. ముందు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, ఎనిమిది బోల్టులు, వాటిని ఏ వరసలో బిగించాలో అంకెలు. అడుగున ‘ఐపీ 67’ అని రాసి రెండు గీతలు గీశారు. ఆ అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్ళకు. 6 అంటే దుమ్ము రేణువు కూడా దూరదు. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా నీరు దిగదు.

“సార్, గోడ మీది డబ్బాకు ఐపీ 55 చాలు” అన్నాను.

“మంజీర పొంగితే?”

“మంజీర మన గోడ దాకా వస్తే కరెంటు ఎక్కడుంటది సార్?”

“డిజైన్ అంటే అన్నీ ఆలోచించాలయ్యా.”

చేసిచ్చాను. నీళ్ళు బయటి నుంచి రాలేదు, లోపలే పుట్టాయి. గాలి ఆడకుండా బిగించిన డబ్బాలో పగటి వేడికి గాలిలో ఉన్న తేమ రాత్రి చల్లబడి అద్దానికి లోపలివైపు పట్టింది. అందుకే తెలిసినవాళ్ళు డబ్బా అడుగున చిన్న రంధ్రాలు పెట్టి జాలీ కొడతారు. గాలి ఆడాలి, కందిరీగ దూరకూడదు. పైగా ఆ ఎనిమిది బోల్టులు విప్పాలంటే, రీడింగుకొచ్చిన పిల్లాడు పానా తెచ్చుకోడు కదా. పెద్దాయన మూత మీద అతికించిన ‘తెరుచు విధానము’ కాగితాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివి, బిల్లు మిషన్‌లో ‘డోర్ లాక్’ కొట్టి వెళ్ళిపోయాడు. అన్నీ బోల్టులే, లాక్ ఎక్కడుందని పెద్దాయన వాదన. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

నా లెక్కలో మంచి మూతకు కబ్జాలు ఉండకూడదు. మా గాలికి ముందు తుప్పు పట్టి బిగుసుకుపోయేవి అవే. డబ్బా పై అంచును మడిచి ఒక గాడి చేస్తాను. మూత తల అందులోకి దూరుతుంది, అరంగుళం పైకెత్తి లోపలికి నెట్టి వదిలితే కింద అంచు మీద కూర్చుంటుంది. 18 గేజీ రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. అంకెలు కనబడేచోట పాలికార్బొనేట్ కిటికీ. అక్రిలిక్ వేస్తే సుత్తిదెబ్బకు పగులుతుంది. పడమటి గోడ అయితే చిన్న నీడరేకు కూడా వేయాలి, ఎండ నేరుగా పడితే డిస్‌ప్లే నల్లబడి అంకెలు కనబడవు. ఇనుప డబ్బా కాబట్టి ఎర్తింగ్ తప్పదు, ఇక్కడ బేరం లేదు. దసరా నాడు ఆయుధ పూజలో మీటరుకూ బొట్టు పెట్టేవాళ్ళకు నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ బొట్టు కచ్చితంగా యూనిట్ల అంకె మీదే పడుతుంది.

మూత సులువుగా ఊడివస్తే ఇంకో చిక్కు. ఊడింది తిరిగి రాదు. బొల్లారం వైపు ఒక వీధిలో మీటర్లన్నీ క్షేమం, మూతలు మాయం. పాత ఇనుముకు తూకం ఉంది, మీటరుకు లేదు. దొంగ నుంచి కాపాడాలని చేసిన వస్తువునే దొంగ ఎత్తుకుపోయాడు. అప్పటి నుంచి మూతకు గొలుసు కడుతున్నాను. గొలుసుకు ఏం కట్టాలో ఇంకా ఎవరూ అడగలేదు.

గడియకు మాత్రం త్రికోణపు తాళం పెడతాను. ఇంగ్లండులో ఇళ్ళ బయటి మీటరు పెట్టెలకూ ఇలాంటిదే, తాళంచెవి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అమెరికాలో అయితే గుండ్రటి గాజు మీటరును గోడకు అలాగే వదిలేస్తారు, మూత గొడవే లేదు. మా దగ్గర త్రికోణపు చెవి లేని ఎలక్ట్రీషియన్ జేబు ఉండదు. ఆ తాళం తెలిసినవాణ్ణి ఆపదు. గాలినీ, పిల్లల్నీ, మేకల్నీ ఆపుతుంది. మిగతా కాపలా మీటరుకున్న చిన్న ప్లాస్టిక్ సీలుదే. దాని మీద నంబరుంటుంది. మూత ఎన్నిసార్లు తీసినా ఎవరూ ఏమనరు. సీలు తెంచి మీటరులో వేలు పెడితే 135వ సెక్షను, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో రోజుకు 500 రూపాయలు తీసుకుని సరదాపడ్డవాళ్ళను లోపల ఉంచారు. ఆ రేటున మూడేళ్ళకు 5,47,500 అవుతుంది. సీలు తెంచినవాడికి ప్రభుత్వం అంతా మాఫీ చేస్తుంది.

మొన్న రుద్రారం నుంచి ఒక అవ్వ వచ్చింది. డబ్బా కొలత గడ్డిపోచతో కొలిచి తెచ్చింది, సరిగ్గా కూడా ఉంది. వాలుచూరు, కిటికీ, గొలుసు, తాళం అన్నీ చూపించి పద్దెనిమిది వందలన్నాను. అవ్వ మూతను అటూ ఇటూ తిప్పి కింద పెట్టింది.

“బిల్లెంతొస్తదో ఎరుకేనా కొడుకా?”

“ఎంతొస్తది అవ్వా?”

“సున్న. గృహజ్యోతి వచ్చినకాంచి సున్నే. సున్న బిల్లొచ్చే మీటరుకు పద్దెనిమిది నూర్ల మూతా?”

గృహజ్యోతి కింద ఉచిత కరెంటు మొదలైన 2024 మార్చి నుంచి మా వీధుల్లో మీటరుకు భయపడేవాళ్ళు తగ్గిపోయారు, నా గిరాకీ కూడా. నేను పదిహేను వందలకు దిగాను. అవ్వ కదలలేదు. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి కదా, పిల్లలు ఊరికే తెరిచి ఏ స్విచ్చో నొక్కితే అన్నాను. నొక్కితే యూనిట్లు పెరుగుతాయా అని తిరిగి అడిగింది. పెరగవు. అబద్ధం ఆడే అవకాశం కూడా పోయింది.

“దాటినప్పుడు వస్తలే” అని ఆటో ఎక్కింది.

ఎండాకాలం మొదలైంది. అవ్వ కొడుకు కూలర్ కొన్నాడని తెలిసింది. రేకు కోసి పక్కన పెట్టాను.