ఖాళీ రాడ్

గౌలిపురాలో మా ఇంటికి రెండు సందుల అవతలి జిమ్‌లో చేరిన మొదటి రోజే ఉస్తాద్ ఖాళీ రాడ్ చూపించారు. "ఇరవై కిలోలుంటది తమ్మీ. ఈ పొద్దుకు ఇదే చాలు. ఐదేసి సార్లు, మూడు సెట్లు. నిమ్మళంగ కూసొని లెవ్వు" అన్నారు.

నాకప్పుడు నలభై ఒకటి. పద్దెనిమిదేళ్ల వయసులో అలియాబాద్ తాలీంలో రోజూ రెండు వందల బస్కీలు తీసినవాణ్ణి. పక్కనే మీసం కూడా రాని పిల్లవాడు చెరో వైపు రెండేసి ఇరవై ప్లేట్లు తొడిగి, వంద కిలోలతో కూర్చుని లేస్తున్నాడు. వాడి పక్కన ఉత్త రాడ్ భుజాన వేసుకోవడానికి నాకు సిగ్గేసింది. ఉస్తాద్ అటు తిరగగానే చెరో ఇరవై తొడిగాను. అరవై.

లేచింది. అదే నా కొంప ముంచింది. ఆ రోజే లేవకపోయి ఉంటే అక్కడే ఆగేవాణ్ణి. లేచింది కాబట్టి అది నా బరువే అనుకున్నాను. తొడలు మోకాళ్ల కిందికి దిగడం లేదనీ, లేచేటప్పుడు నడుము ముందుకు వంగుతోందనీ నాకు తెలియలేదు. ఉస్తాద్‌కు తెలిసింది. "తగ్గించు" అని రెండుసార్లు చెప్పారు. "అలవాటే ఉస్తాద్" అన్నాను. ఒక్కోసారి ఐదేసి కిలోలు పెంచుకుంటూ పోయాను. కండ తొందరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది. పాత బస్కీల జ్ఞాపకం ఆ స్నాయువుకు ఉండదు. మూడో వారం, ఎనభై దగ్గర, లేస్తూ ఉండగా నడుములో ఏదో పట్టేసింది.

అది ఆషాఢం. లాల్ దర్వాజ బోనాల మర్నాడు, సోమవారం, శాలిబండలో ఘటాల ఊరేగింపు చూస్తున్నాం. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తోంది. జనంలో మా పాపకు ఏమీ కనబడటం లేదు. "నాన్నా, ఎత్తుకో" అంది. వంగాను, లేవలేకపోయాను. మా బామ్మర్ది ఎత్తుకుని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. పాప బరువు పద్దెనిమిది కిలోలు. నేను సిగ్గుపడి వదిలేసిన ఖాళీ రాడ్ కంటే రెండు కిలోలు తక్కువ.

నాలుగు నెలలు మంచం, బెల్టు, ఫిజియోథెరపీ. ఆ ఖాళీలో లెక్క వేశాను. ఇరవైతో మొదలుపెట్టి, వారానికి మూడు రోజులు, రోజుకు రెండున్నర కిలోల చొప్పున పెంచితే అరవైకి చేరడానికి పదహారు పెంపులు చాలు. ఆరో వారంలో అక్కడుంటాను. అంటే నేను ఆదా చేద్దామనుకున్నది అయిదు వారాలు.

రెండున్నర కిలోలంటే ఏముందిలే అనుకునేవాణ్ణి. అలా అనుకోకూడదని తెలియనివాణ్ణి కూడా కాదు. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 110, 130 ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరివీ 242.5. ఆ వార్త చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ణి, నా దాకా వచ్చేసరికి ఆ రెండున్నరను చిన్నచూపు చూశాను.

డాక్టరు సరేనన్నాక మళ్లీ వెళ్లాను. ఉస్తాద్ ఏమీ అడగలేదు, రాడ్ వైపు చూశారు, అంతే. ఇరవైతో మొదలుపెట్టాను. అయిదో సారి లేవడం కూడా మొదటి సారి లేచినట్టే ఉంటేనే పెంచాలన్నారు. జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు రెండున్నర, చెరోటి తొడిగితే అయిదు అవుతుంది. అందుకని ఒకటింపావు కిలోల జత కొనుక్కుని సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. నిన్నటికి నలభై రెండున్నర. ఆ పిల్లవాడు ఇప్పుడూ పక్కనే ఎత్తుతుంటాడు.

ఒక్కటి మిగిలింది. నడుము పట్టింది గ్యాస్ సిలిండర్ మోసి అని ఇంట్లో చెప్పాను. ఆ రోజు నుంచి సిలిండర్ వచ్చినప్పుడల్లా మా ఆవిడ నన్ను ముట్టుకోనివ్వకుండా తానే ఈడ్చుకెళ్లి లోపల పెడుతోంది. ఈ కాగితం ముందు ఆమెకే ఇస్తాను.