లైఫ్ జాకెట్

గరివిడి ఫెర్రో ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు స్నేహితులకు దసరా బోనస్ చేతిలో పడేసరికి కోనాం చేప తినాలని కాదు, పట్టాలని బుద్ధి పుట్టింది. గేలాలు కొనుక్కుని బైకుల మీద చింతపల్లి తీరానికి దిగారు.

అక్టోబరులో మన సముద్రాన్ని నమ్మకూడదు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న వచ్చింది, 2018లో తిత్లీ 11న. ఆవేళ హెచ్చరికలేవీ లేవు గానీ, బోటు తాత మాత్రం తూరుపు వైపు చూసి, "మబ్బు బాగోనేదు బాబూ. గాలి తిరిగితే ఎనక్కొచ్చీడమే" అన్నాడు.

ఫైబర్ బోటులో లైఫ్ జాకెట్ ఒక్కటే ఉంది. రంగు వెలిసిపోయి, తెగిన పట్టీ స్థానంలో వలతాడు ముడేసి ఉంది.

"నువ్వేసుకోరా, పిల్లలు గలవాడివి."

"నాకెందుకురా, నీకే ఈత రాదు."

ఈ మర్యాదల్లో ఎవరూ వేసుకోలేదు. తాత దాన్ని మడిచి తన కింద పెట్టుకుని కూర్చున్నాడు.

గేలానికి ఒక సావిడాయి పడిందో లేదో, గాలి తిరిగింది. వాన చెంపల మీద కొట్టింది. తాత అలకు పక్క ఇవ్వకుండా బోటు ముక్కును ఎదురు పెట్టడానికి లేచాడు. అంతే, ముగ్గురు జాకెట్ మీద పడ్డారు. బలమున్నవాడికి దక్కింది. పిల్లలు గలవాడివి అన్నది ఈయనే. పిల్లలు గలవాడు లాగులాటకు వెళ్లలేదు. వాడి ఒళ్లోకి ఎవరో మూత బిగించిన ఖాళీ డీజిల్ డబ్బా తన్నారు.

ఒడ్డు దగ్గర విరిగే అలలే అసలు గండం. తాత ఒక పెద్ద అలను ముందు పోనిచ్చి, దాని వెన్నంటి బోటును తోలి ఇసుకెక్కించాడు.

దిగాక ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. తడిసి బిగిసిన ముడి విప్పలేక జాకెట్ ఆసామి అవస్థ పడుతుంటే తాత వచ్చి విప్పాడు.

"ఇందులో బెండు ఎప్పుడో పొడైపోనాది బాబూ. నీలు పీల్చీసి రాయినాగ దిగిపోద్ది. కూకోడానికి మెత్తగుంటాదని ఉంచినాను."

"మరి బోటు తిరగబడితే?"

"ఆ డబ్బా అట్టుకున్న బాబు తేలును."

"ఆ మాట అక్కడే చెప్పొచ్చు కదా తాతా!"

"సెబితే డబ్బా కూడా లాగీసుందురు!"