చదువుకున్నవాడి గాలం

నాకో జబ్బుంది. ఏ పని చెయ్యాలన్నా ముందు దాని గురించి చదవాలి. అంతవరకూ బాగానే ఉంటుంది. చదివింది కడుపులో దాచుకోలేను, అదీ అసలు జబ్బు. మీకు లేదంటారా? కారు కొన్నాక మైలేజీ మీద, మామిడిపళ్లు కొనేముందు కార్బైడ్ మీద పక్కవాడికి క్లాసు పీకని మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కాబట్టి మనలో మన మాట, కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను.

బొంగులూరు గేటు దాటి లోపలికి మట్టిరోడ్డు పట్టుకుని పోతే ఒక చేపల చెరువుంది. చెరువని మర్యాదకి అంటున్నాను, జేసీబీతో తవ్విన గుంట. డబ్బు కట్టి, గట్టు మీద చెట్టు నీడన కూర్చుని గాలం వేసుకోవచ్చు. పడిన చేపని తూకం వేయించి కొనుక్కోవాలి. చిన్నదనో ముళ్లెక్కువనో తిరిగి నీళ్లలో వదిలేస్తామంటే కుదరదు. ఆదివారం పిల్లాణ్ణి తీసుకుని సరదాగా వెళ్లొద్దాం బావా, అన్నాడు మా బామ్మర్ది. సరదాగా ఏ పనీ చెయ్యడం నాకు చేతకాదు.

ఆ రాత్రి నుంచే చదవడం మొదలుపెట్టాను. రాడ్డు, రీలు, గాలాల డబ్బా, జేబుల చొక్కా, టోపీ అన్నీ ఆన్‌లైన్లో తెప్పించాను. రాడ్డు ఖరీదు మా ఆవిడకి చెప్పేటప్పుడు చివరి సున్నా ఒకటి గొంతులో ఇరుక్కుపోయింది. మీరు క్షమిస్తారు. ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఓ సున్నా మింగే ఉంటారు.

ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డెక్కాం. తుర్కయాంజాల్ వచ్చేసరికే నా పాఠం ఊపందుకుంది. "బొచ్చె నోరు ఎప్పుడైనా గమనించావా? పైకి తిరిగి ఉంటుంది. అందుకే అది నీటి పైభాగంలో మేస్తుంది. రవ్వ మధ్యలో, మోసు అడుగున. ఒకదాని మేతకి ఒకటి అడ్డురాదు కాబట్టే మూడింటినీ ఒకే చెరువులో పెంచుతారు." బామ్మర్ది తలూపాడు. తలూపినవాణ్ణి నేను వదలను. ఈ చేపలు పారే నదుల్లో గుడ్లు పెడతాయి తప్ప చెరువుల్లో పెట్టవనీ, 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించాడనీ, అందుకే ఏటా ఆ రోజు మత్స్య రైతుల దినోత్సవం జరుగుతుందనీ చెప్పాను. పీవీ ఎక్స్‌ప్రెస్ వే పక్కన చేప ఆకారంలో కనిపించే భవనం జాతీయ మత్స్య అభివృద్ధి మండలిదని కూడా చెప్పాను. రాగన్నగూడ దగ్గర వెనకసీట్లో మా అల్లుడు నిద్రపోయాడు. బండి నడుపుతున్నాడు కాబట్టి వాళ్ల నాన్నకి ఆ భాగ్యం లేకపోయింది.

చెరువు కాపలా పెద్దాయన పిల్లాడి చేతికి ఓ వెదురు కర్ర, గోధుమపిండి ముద్ద ఇచ్చాడు. నేను రాడ్డు ముక్కలు ఒకదాన్లో ఒకటి దూర్చి, కళ్లజోడు సవరించుకుని, కంతల్లోంచి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. నీళ్ల మీద పిల్లాడి బెండు ఒకసారి వణికింది. పక్కకి వాలింది. బుడుంగున మునిగింది. వాడు కర్ర ఎత్తగానే రవ్వ ఒకటి గట్టు మీద పడి తపతపా కొట్టుకుంది. నా దారం ఇంకా మూడో కంతలోనే ఉంది. "చిన్నపిల్లల అదృష్టం," అన్నాను. కాసేపటికి వాడు మోసుని కూడా లాగాడు. అదృష్టం అన్న మాట రెండోసారి వాడడానికి నాకే సిగ్గేసింది.

పక్కన చాప పరిచి బిర్యానీ డబ్బాలు విప్పుతున్న కుటుంబం వాళ్లు ఇక్కడ కొర్రమీను పడుతుందా అని అడిగారు. వాళ్లు అడిగింది పెద్దాయనని. జవాబు నేను చెప్పాను. అది మన రాష్ట్ర చేప అనీ, పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి మార్కెట్లో తడి తట్టలో కూడా ప్రాణంతో ఉంటుందనీ, మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్లో చేపమందు వేసేది దాని పిల్లతోనేననీ వివరించాను. పడుతుందో లేదో మాత్రం చెప్పలేదు. నాకేం తెలుసు?

ఇక మిగిలింది ఒకటే మార్గం, శాస్త్రం. చెరువు నడిమధ్య వెదురు గడలకి సంచులు వేలాడుతున్నాయి. తవుడు, పల్లిచెక్క కలిపి నింపి, కింద చిల్లులు పొడిచి, సగం నీళ్లలో మునిగేలా కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. ఇదీ చదివాను. మేత ఎక్కడో చేప అక్కడ. నేను అటు గురి చూడగానే పెద్దాయన, "సారూ, గా సంచి దిక్కు ఎయ్యకున్రి," అన్నాడు. నేను నవ్వాను. అనుభవం ఉన్నవాణ్ణి చూసి పుస్తకం చదివినవాడు నవ్వే నవ్వు అది. అలాంటి నవ్వు నవ్విన ఏ మనిషీ ఆ సాయంత్రం దాకా సుఖపడలేదు.

విసిరాను. పడింది. మరుక్షణం రాడ్డు విల్లులా వంగింది. "తియ్, వీడియో తియ్!" అని అరిచాను, బామ్మర్ది తీశాడు, తీసి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో లైవ్ పెట్టాడు, బిర్యానీ వాళ్లు డబ్బాలు వదిలేసి వచ్చారు, అవతలి గట్టు వాళ్లు పరిగెత్తుకొచ్చారు, "బొచ్చె! పదికిలోలకి తగ్గదు!" అని నేను కామెంటరీ చెబుతూనే వెనక్కి వాలాను, ఒక కాలు రాయికి తన్నిపెట్టాను, టోపీ ఎగిరిపోయింది, "వద్దు సారూ, ఇడ్సున్రి!" అని పెద్దాయన అరుస్తున్నాడు, ఓర్వలేక అంటున్నాడనుకున్నాను, గూడెత్తు దాకా రాడ్డు లేపి బలమంతా పెట్టి ఒక్క లాగు లాగాను, చర్రుమని చప్పుడైంది, సంచి నిలువునా చిరిగింది.

తవుడంతా చెరువు మీద పరుచుకుంది. ఆ తర్వాత జరిగింది చూడడానికి హీరాలాల్ చౌధురి బతికుంటే ఆనందించేవాడు. నోళ్లు పైకి తెరుచుకుని పెద్ద పెద్ద బొచ్చెలు గుంపులు గుంపులుగా పైకొచ్చాయి. నా పాఠం అక్షరం పొల్లుపోలేదు. ఆ ఆనందం పట్టలేక "చూశారా, పైభాగంలోనే మేస్తాయి!" అని పైకే అనేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇగ గాలం ముట్టయ్ సారూ. కడుపులు నిండినయ్," అన్నాడు పెద్దాయన, కోపం లేకుండా. తిట్టి ఉంటే బాగుండేది. కడుపు నిండిన చేప పిండిముద్ద వంక చూడదని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, చదవక్కర్లేదు కూడా. డబ్బు కట్టి వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే కర్రలు ముడుచుకుని, నా వంక ఒక చూపు విసిరి వెళ్లిపోయారు. నేను తవుడు డబ్బు, సంచి డబ్బు, అల్లుడు పట్టిన చేపలకి తూకం డబ్బు కట్టాను. బేరం ఆడలేదు. నా జీవితంలో బేరం ఆడని సందర్భం అదొక్కటే.

ఆ రాత్రి పులుసు పెట్టారు. నడిమి ముక్కలు పట్టినవాడి కంచంలో పడ్డాయి. నాకు తోక ముక్క వచ్చింది, అదీ చిన్న చేపది. గ్రూపులో నా పేరు తవుడంకుల్‌గా స్థిరపడింది. పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, వాళ్ల బర్రెకి కొంచెం తవుడు దొరుకుతుందా సార్ అని వినయంగా అడిగాడు. వాడు నిజంగానే అడిగాడో, వీడియో చూసి అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బుద్ధొచ్చిందా అంటారు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పొరపాటు జరగదు, ఎందుకంటే మొత్తం వేరే పుస్తకం చదువుతున్నాను. చంద్రుణ్ణి బట్టి ఆటుపోట్లు, ఆటుపోట్లను బట్టి గాలం. బొంగులూరు గుంటలో ఆటుపోట్లుండవని మాత్రం దయచేసి నాకెవరూ చెప్పకండి. ఇప్పటికే బామ్మర్దికి సగం పాఠం చెప్పేశాను.