రాయబోయే బాబాయ్

పల్నాట్లో నవల రాసినవాళ్లు తక్కువ, రాయబోయేవాళ్లు ఊరికొకరు. మాచర్లలో అయితే ఆయనకి బస్టాండు దగ్గర బట్టలకొట్టు ఉంటుంది. గురజాలలో అయితే రిటైరైన హెడ్మాస్టరు, పొలం గట్టు తగాదాలో వాయిదాలకి తిరుగుతుంటాడు. మా నరసరావుపేట ఆయన పల్నాడు రోడ్డులో ఎరువులూ పురుగుమందులూ అమ్ముతాడు. వరసేమీ లేకపోయినా అందరం బాబాయ్ అనే అంటాం.

నవల పల్నాటి యుద్ధం మీద. నాయకురాలు నాగమ్మ పక్షాన నిలబడి చెప్పాలట. కథంతా బుర్రలో సిద్ధంగా ఉంది. మల్లమ్మ సెంటర్లో టీ తాగేవాళ్లకైతే అధ్యాయాలతో సహా తెలుసు. కోడిపోరు ఘట్టం వచ్చిందంటే పక్కనున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని రెండడుగులు వెనక్కి జరుగుతారు, బాబాయ్ చేతులు ఎటు లేస్తాయో తెలియదు కాబట్టి. టీ మాస్టరు వినీ వినీ "నలగామరాజు ఆ మాట అనడు సార్" అని దిద్దే దాకా వచ్చాడు. ఆ పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి వర్గానికి పడిన వలస ఏడేళ్లే. బాబాయ్ మొదటి వాక్యం అంతకంటే ముందే ఊరొదిలిపోయింది, ఇంకా తిరిగి రాలేదు.

"ఖాళీ యాడుందబ్బాయ్?" అంటాడు.

లెక్క వేసి చూస్తే పాపం నిజమే అనిపిస్తుంది. జూన్‌లో పత్తి గింజలకి జనం. ఆగస్టు వచ్చేసరికి మిరప నారు. అక్కణ్ణించి వారానికో తెగులు, తెగులుకో మందు. కార్తీక అమావాస్యకి కారంపూడి వీరుల ఉత్సవాలు. అవి మానటానికి లేదు, నవలకి రీసెర్చి కదా! రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, ఐదు రోజులూ నాగులేటి ఒడ్డునే. నోటుబుక్కు తీసుకుపోతాడు, దాన్నే మడతేసి కింద పరుచుకుని కూర్చుంటాడు. సంక్రాంతికి అల్లుళ్లు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. ఆ తర్వాత మిరపకాయలు గుంటూరు యార్డుకి చేరతాయి, రైతుల చేతిలో డబ్బులు ఆడతాయి, బాకీలు వసూలు చేసుకోవద్దా? మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు, అప్పుడు రాయొచ్చుగా అన్నాను. నన్నో పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "రెంటచింతల ఎండ పేపరెక్కింది చూశావా? ఈ ఎండలకి ఇంకు పెన్నులోనే గడ్డకడతది."

నాలుగేళ్లుగా ఇంకో కొత్త సాకు దొరికింది. 2022 ఏప్రిల్‌లో పేట జిల్లా కేంద్రమైందిగా. ట్రాఫిక్కు పెరిగి నాగమ్మ సరిగ్గా వినపడటం లేదట.

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. బాబాయ్ డైరీ మీద పెన్నూ అంతే. డైరీలకి మాత్రం కొదవలేదు. ఏటా పురుగుమందుల కంపెనీలే తెచ్చి ఇస్తాయి, అట్టమీద పచ్చపురుగు బొమ్మతో సహా. జనవరి ఒకటి: శ్రీరామ, నేటి నుండి దినమునకు ఒక పుట. రెండు: పని వత్తిడి. మూడు: పై విధముగానే. నాలుగో తారీఖు నుంచి మనవడి ఎక్కాలు.

రోజుకి పది నిమిషాలు చాలు బాబాయ్ అని నచ్చజెప్పబోయాను. "పది నిమిషాల్లో నాగమ్మ గుర్రం కూడా ఎక్కదబ్బాయ్" అన్నాడు.

పెద్దల ఉదాహరణలు తీశాను. మద్రాసు సుప్రీం కోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. నూరుమంది దాకా పరివారం. ఏళ్లు దాటించాలి, డేరాలు వేయించాలి, అందరికీ ఇంత అన్నం చూడాలి. ఇంత గొడవలోనూ మరుసటేడు సెప్టెంబరు 3న ఇల్లు చేరేదాకా మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు, అదే 1838లో అచ్చయింది అన్నాను.

"పల్లకీలో కూచున్నోడికి రాయక ఇంకేం పని? ఆయనకి ఎరువుల కొట్టుందా?"

సరే, పక్కనున్న వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారినే తీసుకో. కుర్రతనంలో రాజమండ్రిలో మూగసినిమాలకి కథా మాటలూ చదివాడు. తర్వాత ఏళ్ల తరబడి పంతులుగిరీ. 1941 నాటి గబ్బిలం కూడా తీరిక దొరికి రాసింది కాదు.

బాబాయ్ భక్తిగా చెంపలేసుకున్నాడు. "మహానుభావుడు. అయినా ఆయన కవి అబ్బాయ్. పద్యమంటే నాలుగు పాదాలే. మనది నవలాయె. పైగా ఆయనకి వాట్సాప్ లేదు."

ఇంతలో ఈపూరు నుంచి ఒక రైతు వచ్చాడు. బాబాయ్ మందు డబ్బా తేవటానికి గోడౌన్లోకి పోతూ, పాతబాకీ చూసి పెట్టమని ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం నా ముందు పడేశాడు. బాకీల పుస్తకం. తిప్పాను.

"రొంపిచర్ల పెద్దమ్మ. డీఏపీ రెండు కట్టలు. కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ ఎత్తటం లేదంట. డబ్బుల మాట నేనెత్తలా."

"నకరికల్లు బావ. యూరియా మూడు. మా ఆవిడకి చెప్పొద్దన్నాడు. అరగంటకి ఆమే వచ్చి పొటాష్ తీసుకుపోయింది, మా ఆయనకి చెప్పొద్దంది."

2021 చివర్లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడినప్పటి పేజీలు చూశాను. మొదట్లో మందు పేరు, రేటు, సంతకం. పోనుపోనూ అంకెలు చిన్నవయ్యాయి, మాటలు పెద్దవయ్యాయి. ఒకచోట ఇట్టా ఉంది: "పూత నిండా పురుగే. ఇది మూడో మందు. పని చేస్తదా అని అడిగాడు. చేస్తదని చెప్పి అమ్మాను. రాత్రి నిద్ర పట్టలా." ఆదివారాలు లేవు, పండగలు లేవు. సంక్రాంతి రోజు కూడా అల్లుడి మీద నాలుగు లైన్లున్నాయి, అవి ఇక్కడ చెప్పను, ఆయన ఈ ఊరి అల్లుడే.

బీరువాలో ఇంకెన్ని ఉన్నాయని అడిగితే, పైఅరలో రెండు వరసలు, మిగతావి అటకమీద అన్నాడు.

"బాబాయ్, రోజూ రాస్తున్నావుగా!"

"ఏంది, ఇదా? ఇదీ ఒక రాతేనంటయ్యా! లెక్క." పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నాడు. "రాత్రి పడుకోబోయే ముందు రాయకపోతే తెల్లారి ఎవడిది ఎంతో గుర్తుండి చావదు. రాతంటే కూచోవాలి, నిదానం కావాలి, ఎదురుగా కిటికీ ఉండాలి. పైన గది కట్టిస్తన్నా. శ్లాబు పడనీ, అప్పుడు చూద్దువు గాని నాగమ్మని."

రైతు మందు తీసుకుని వెళ్లిపోయాడు. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, చెవి వెనక పెన్ను తీసి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి గబగబా ఏదో రాసుకున్నాడు. అయ్యాక బోర్లించి, లోడు లారీ వచ్చిందని బయటికి పరిగెత్తాడు. నేనాగలేక తిప్పి చూశాను.

"బరంపేట రచయిత గారు. టీలు రెండు. కొన్నదేమీ లేదు. కాశీకి పోయినోళ్ల సంగతి గంటసేపు చెప్పాడు. ఇంట్లో రాసుకునే పనేమీ ఉన్నట్టు లేదు."