చదివింపుల పుస్తకం పటమెక్కిన వైనం

శుభలేఖల పంపకానికి సాఫ్ట్‌వేర్ వాడాలన్న ఆలోచన మా బాబాయిది. నేను మ్యాపుల కంపెనీలో పనిచేస్తానని ఆయనకి తెలుసు, అక్కడ ఏం చేస్తానో మాత్రం తెలీదు. "ఒరేయ్, అడ్రసులు కంప్యూటర్‌లో కొడితే ఎవరిల్లెక్కడో చుక్కలు పడతాయట కదా. ఒక పక్కనుంచి పంచుకుంటూ వచ్చేద్దాం, పెట్రోలు కలిసొస్తుంది" అంటూ పెద్దమ్మాయి పెళ్లినాటి చదివింపుల పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. పసుపు మరకలు, స్టీలు బిందెల లెక్కలు, వాటి పక్కన పిన్ని పెన్సిల్‌తో రాసుకున్న అడ్రసులు.

ఆయన అడిగినదాన్ని మా వాళ్లు జియోకోడింగ్ అంటారు. రాసి ఉన్న చిరునామాని అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చడం. అమెరికాలో ఇది హాయైన పని. అక్కడి జనగణన శాఖ 1990 లెక్కల కోసం టైగర్ అనే పేరుతో దేశంలోని వీధుల్ని కంప్యూటర్‌కెక్కించింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఫలానా వీధి, ఒక పక్క 101 నుంచి 199, రెండో పక్క 100 నుంచి 198. మరి 150 ఎక్కడ? రెండో పక్క, వీధి సగంలో. ఇల్లు చూడక్కర్లేదు, త్రైరాశికం వస్తే చాలు.

మన డోర్ నంబరు మీద ఆ త్రైరాశికం ప్రయోగించి చూడండి. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. అంతవరకూ బుద్ధిగానే ఉంటుంది. ఆ ఇంటి పెరట్లో తమ్ముడు వేరు కాపురం పెడితే ఓ అడ్డగీత, పక్కన ఏ. ఆ 'ఏ' వాళ్లు మేడమీద గది వేస్తే ఇంకో గీత, పక్కన ఒకటి. డోర్ నంబరు నిదానంగా చదివితే ఆ కుటుంబం ఎన్నిసార్లు పంపకాలు పెట్టుకుందో తెలుస్తుంది. ఇల్లెక్కడో తెలీదు.

అలాగని వరస తప్పని నంబర్లు మన ఊళ్లో లేకపోలేదు. అవి స్తంభాలకున్నాయి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచాక కింద జనం పిల్లర్ నంబర్లతోనే దారి చెప్పుకుంటున్నారు. ఫలానా పిల్లర్ ఎదురుగా ఫంక్షన్ హాలు, ఫలానా పిల్లర్ పక్కన ఇడ్లీ బండి. మెట్రో వచ్చాక ఆ భాగ్యం మరికొన్ని పేటలకీ దక్కింది. అమెరికా సూత్రం మన దగ్గర పైవంతెనల కింద పనిచేసినట్టు ఇంకెక్కడా పనిచేయదు. పిల్లర్లకి అన్నదమ్ములుండరు కాబట్టి గీతలు పడలేదు.

సరే, క్యూజిఐఎస్ తెరిచాను. ఉచిత సాఫ్ట్‌వేర్. అందులోంచి అడ్రసుల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల నామినాటిమ్‌కి పంపాను. ఊరికే చేసిపెడతారు గనక సెకనుకి ఒక అడ్రసు మించకూడదని వాళ్ల నియమం. "అక్కడ కూడా లైన్లో నిలబడాలా?" అన్నాడు బాబాయి కాఫీ చల్లార్చుకుంటూ.

మొదటి అడ్రసు ఇది: ఆంధ్రా బ్యాంకు ఎదురు సందు, కుడిచేతి వైపు మూడో మేడ, కింద టైలరు షాపు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది. సందు మాత్రం ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకుకే ఎదురుగా ఉంది. ఈ సంగతి పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి తెలుసు, నామినాటిమ్‌కి తెలీదు. దొరకలేదని చెప్పేసింది.

అలా చెప్పడం మంచి లక్షణమే. కొన్ని జియోకోడర్లకి తెలీదనడానికి మహా మొహమాటం. ఇల్లు దొరక్కపోతే వీధి, వీధి దొరక్కపోతే పేట, అదీ లేకపోతే ఊరి నడిబొడ్డున ఓ చుక్క పెట్టి, దానికి ఏడు దశాంశాల దాకా అంకెలు రాసిస్తాయి. ఏడో దశాంశమంటే సెంటీమీటరు లెక్క. ఇంటిని పది కిలోమీటర్ల అవతల పెట్టి, అందులో సెంటీమీటరు తేడా రానివ్వవు! అలాంటిదాన్నొకదాన్ని వాడితే సగం చుట్టాలు ఒకే చుక్క మీద పడ్డారు. "అబ్బో, మనవాళ్లు ఎంత కలిసిమెలిసి ఉన్నార్రా!" అని బాబాయి ముచ్చటపడ్డాడు. మా వంశంలో అంత ఐకమత్యం నేనూ అప్పుడే చూశాను.

ఇంకొన్ని లొకేషన్లు మా బావమరిది ఫోన్లో చూసి ఎక్సెల్‌లో నింపి పంపాడు. మనకి అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చెప్పడం అలవాటు. సాఫ్ట్‌వేర్ ముందు ఎక్స్ అడుగుతుంది, ఎక్స్ అంటే రేఖాంశం. ఆ రెండూ తారుమారైతే హైదరాబాద్ 17, 78 కాస్తా 78, 17 అయి కూర్చుంటుంది. అక్కడేముందయ్యా అంటే నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులు, మంచు, ధ్రువపు ఎలుగుబంట్లు. కూకట్‌పల్లి అత్తయ్య, దిల్‌సుఖ్‌నగర్ మావయ్య సకుటుంబంగా అక్కడ తేలారు. విశాఖ వాళ్లు మరీ పైకి పోయి ఆర్కిటిక్ సముద్రంలో పడ్డారు. "వాళ్లకి కొరియర్ చేసేద్దాంలే" అన్నాడు బాబాయి.

ఇలాంటి అడ్రసుల తిప్పలకి విరుగుడుగా తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ సాయంతో. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్లుగా కోసి గడికో పది అక్షరాల కోడ్ ఇచ్చారు. 1972 నాటి పిన్‌కోడ్ పేట దాకా దిగబెడితే ఇది గుమ్మం దాకా తీసుకెళ్తుంది. నాకు నచ్చిన ఏర్పాటే, కాకపోతే అంతస్తుల గొడవ దానికి పట్టదు. కింద ఫ్లాటుకీ దాని నెత్తిన ఐదో అంతస్తు ఫ్లాటుకీ ఒకటే కోడ్. మాకు మాటల్లేని అన్నదమ్ములిద్దరు అచ్చం అలాగే ఉన్నారు. వాళ్లని ఒకే గళ్లో పెట్టే ధైర్యం తపాలా శాఖకి ఉందేమో గానీ మాకు లేదు.

చివరికి పిన్ని ఫోన్ పట్టుకుని "వదినా, మీ ఇంటి లొకేషన్ పెట్టు" అని అందర్నీ అడిగేసింది. చుక్కలు చక్కగా పడ్డాయి. దగ్గర దారి ఏదో లెక్క కట్టించి గీత గీసి చూపించాను. పిన్ని కళ్లజోడు సర్దుకుంది.

"పెద్దొదిన ఇల్లు ఆఖర్నుందేమిట్రా? ఆవిడకివ్వకుండా, దారిలో ఉన్నారు కదాని ఆవిడ వియ్యాలవారికి ముందిస్తే పెళ్లికొస్తుందా? వచ్చినా భోంచేస్తుందా? ఈ గీత తీసెయ్. బొట్టు పెట్టి పిలవాల్సిన వాళ్లకి ఎర్రచుక్క పెట్టు, వాట్సాప్ చాలే వాళ్లకి ఆకుపచ్చ."

రంగులు మార్చడం క్యూజిఐఎస్‌లో నిమిషం పని. పిన్ని చెబుతుంటే పెట్టుకుంటూ పోయాను. బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి, స్క్రీన్ దగ్గరికి వంగి, చాలాసేపు చూశాడు.

"అవునే, మా వైపు వాళ్లంతా ఆకుపచ్చేంటి?"