పెద్ద చేతికి పట్టని బేడీ

బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. నెల్లాళ్లు ఊరంతా వేషాలే. మొక్కున్నవాడు పులి అవుతాడు, శివుడవుతాడు. మొక్కు తీరగానే రంగు కడుక్కుని ఇంటికి పోతాడు. గంజాం తెలుగువాళ్లం, మాకివన్నీ చిన్నప్పటి నుంచి అలవాటే. అయినా ఆంధ్రా, తెలంగాణ పోలీసులు కట్టే వేషం ముందు మా పులులు దిగదుడుపే. మొక్కూ ముడుపూ లేని రైతును పట్టుకొచ్చి గజదొంగను చేసేస్తారు. ఖర్చు కూడా తక్కువే, ఒక జత బేడీలు.

2017 మే, ఖమ్మం. మిర్చి ధర కుప్పకూలితే కడుపు మండి మార్కెట్‌ మీద పడ్డారన్న కేసులో రైతులను బేడీలతో కోర్టుకు నడిపించారు. మిరపకాయలు తాకిన చేతులు కదా, సర్కారు కళ్లకు తగులుతాయని భయం కాబోలు. 2020 అక్టోబరు, గుంటూరు. అమరావతి ప్రాంతంలోని కృష్ణాయపాలెం రైతులను జైలుకు తరలిస్తూ మళ్లీ అదే అలంకారం. 2024 డిసెంబరు, సంగారెడ్డి. అధికారుల మీద దాడి జరిగిందన్న లగచర్ల కేసులో రిమాండులో ఉన్న గిరిజన రైతుకు గుండెనొప్పి వస్తే సంకెళ్లతోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మనిషి కదల్లేకపోయినా గుండె పారిపోదని నమ్మకమేమిటి?

మూడుసార్లూ మూడు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. జెండా మారింది గానీ బేడీ మారలేదు. గొడవయ్యాక కింది ఉద్యోగుల మీద సస్పెన్షన్ వేటు పడింది. గుంటూరులో దొరికినవాళ్లు హెడ్ కానిస్టేబుళ్లు. వేసిన చేయీ చిన్నదే, వేయించుకున్న చేయీ చిన్నదే. వేయమన్న నోరంటూ ఒకటి ఉంటే, ఆ సైజు బేడీ ఇంకా తయారు కాలేదు.

మనిషిని తరగతిగా చూడటం తెల్లదొర నేర్పిన విద్య. జైల్లో కూడా ఎ, బి, సి అని పంక్తులు వేసి కూర్చోబెట్టాడు. కోరాపుట్ ఆదివాసీ లక్ష్మణ్ నాయక్ మీద ఫారెస్టు గార్డును చంపాడన్న నేరం మోపి, 1943 మార్చి 29న మా బరంపురం జైల్లోనే ఉరి తీశాడు. తర్వాత దొర ఓడెక్కాడు. తాళాల గుత్తి మాత్రం ఇక్కడే మరిచిపోయాడు.

ఆ గుత్తిని లాక్కోవాలని సుప్రీంకోర్టు చూడకపోలేదు. పంజాబ్ పోలీసు నిబంధనల్లో ‘మెరుగైన తరగతి’ ఖైదీకి మామూలుగా బేడీ వేయరాదని ఉండేది. మెరుగంటే చదువు, హోదా, డబ్బు. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తేడాను కొట్టేశారు. బేడీ వేయడమే అమానుషమన్నారు. 1995లో, గువాహటి ఆసుపత్రిలో ఖైదీలను బేడీలు వేసి మంచాలకు కట్టేసిన సంగతి తెలిసి, మేజిస్ట్రేటు అనుమతి లేనిదే బేడీ వద్దంది కోర్టు. ఖమ్మం దాకా ఆ తీర్పు ఇంకా బస్సులోనే ఉన్నట్టుంది.

ఇక 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. ఎవరికి బేడీ వేయవచ్చో 43వ సెక్షన్‌లో జాబితా ఇచ్చారు. హంతకుడు, ఉగ్రవాది, యాసిడ్ దాడి చేసినవాడు, దొంగనోట్లవాడు... సరే, ఒప్పుకుందాం. రాజ్యానికి వ్యతిరేకమైన నేరాలూ ఉన్నాయి. అది ఎంత లాగితే అంత సాగే రబ్బరు. 2023 ఆగస్టు బిల్లులో ‘ఆర్థిక నేరాలు’ కూడా ఉండేవి. ఆ మాటలో చిన్నా చితకా నేరాలు కూడా కలిసిపోతాయని పార్లమెంటు స్థాయీసంఘం అభ్యంతరం చెప్పింది. డిసెంబరు నాటి బిల్లులో ఆ రెండు మాటలు లేవు. చిన్నవాళ్ల మీద ఎంత జాలి! ఆ జాలి నీడలో పెద్దవాళ్లు కూడా హాయిగా కూర్చున్నారు.

కాబట్టి రైతన్నలూ, మార్కెట్ యార్డులో బల్లలు విరగ్గొట్టడం మానండి. గురి పెద్దదిగా పెట్టుకోండి. బ్యాంకును ముంచండి. ముంచేటప్పుడు కోట్లలో ముంచండి, క్వింటాళ్లలో కాదు. అప్పుడు మీ గుండెనొప్పికి గొలుసులు రావు, ఏసీ గది వస్తుంది.